ఊటబావి దగ్గర పిలుపు

పోర్ట్ మార్లో పేరెత్తితే ఈ పరాయి దేశంలో, క్లేటన్‌లో కాపురమున్న మన తెలుగువాళ్లు మాట మార్చేస్తారు. సముద్రం ఒడ్డున ముచ్చటైన ఊరే. నూరేళ్ల కిందట దొరలూ దొరసానులూ వేడినీళ్ల స్నానాలకని బళ్లు కట్టించుకుని వచ్చిన ఊరు. ఆ స్నానాల మేడ ఇప్పుడు మొండిగోడలు... లోపల ఊటబావి మాత్రం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"చీకటి పడ్డాక అక్కడ ఎవరు పిలిచినా పలక్కు బాబూ," అంది పక్కింటి శేషుకుమారి ఆంటీ.

యోగానంద్ నవ్వేశాడు. రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తారీకులు సరిదిద్దే ఆ వైటూకే పని మొదలయ్యాక అతనికి ఆదివారమన్నదే లేదు. తొంభైతొమ్మిది జూలైలో — ఇక్కడ జూలై అంటే నడి చలికాలం — దొరక్క దొరికిన సెలవది. పెళ్లై మూడు నెలలు. అతని కోరికల్లా ఒక్కటే — మంగళ తనని ఒక్కసారి పేరు పెట్టి పిలవాలి.

దారంతా అదే గొడవ.

"ఇక్కడ బాసునే బ్రెట్ అని పిలుస్తాం. నీకేమిటంత మొహమాటం?"

"మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందండీ. మీ బ్రెట్ సంగతి వాళ్లావిడ చూసుకుంటుంది."

ఊరు చేరాక కూడా మంగళ మూతి ముడుచుకుని కారులోనే కూర్చుంది. యోగానంద్ ఒక్కడే ఆ గోడల మధ్యకి నడిచాడు. ఐదున్నరకే చీకటి. బయట అలల హోరు. లోపల తెల్లటి ఆవిరి...

"యోగానంద్..."

గుండె ఝల్లుమంది. మంగళ గొంతే! అలక తీరి, అటువైపు దారిన వచ్చిందన్నమాట. ఎంత తియ్యగా పిలిచింది!

"వస్తున్నా మంగళా!"

ఆవిరిలోకి ఒక అడుగు... ఇంకో అడుగు...

"ఏమండీ! బావి!"

కేక వెనకనుంచి.

బిగుసుకుపోయాడు. బూటు ముందు నేల లేదు. కింద నీళ్లు సలసలమంటున్నాయి. వెనక ఉన్నది మంగళ. మరి... ముందునుంచి పిలిచిందెవరు?

గిర్రున తిరిగి, ఆవిరిలో చేతులు చాచాడు. ఓ చెయ్యి అందింది. దాన్ని పట్టుకుని, వెనక్కి చూడకుండా ఒకటే పరుగు. అంత చలిలోనూ ఆ చెయ్యి వెచ్చగా ఉంది — ప్రాణం లేచొచ్చింది.

ఆమెని కారెక్కించి, తాళం తిప్పాడు.

అప్పుడు — గోడల మధ్యనుంచి, ఏడుపు గొంతుతో —

"ఏమండీ... నన్నొదిలేసి వెళ్లిపోతున్నారా?"

అతని చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

పక్క సీట్లోంచి, మెల్లగా, ఎంతో తియ్యగా...

"పోనివ్వు, యోగానంద్."