ఇంజన్ ఆపే ముందు ఒక్క నిమిషం

ప్రేమ్ కిరణ్ జీవితంలో ఎవర్నీ చూసి ఈల వేయలేదు. అసలు వేయడమే రాదు. చిన్నప్పుడు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఎంత ఊదినా గాలి వచ్చింది గానీ ఈల రాలేదు. అలాంటి అమాయకుడి మీద ఒక మంగళవారం సాయంత్రం, సన్నగా తుంపర పడుతుండగా, ఈల కేసు పడింది.

తిరువూరు బస్టాండు దాటాక విజయవాడ రోడ్డు మీద అతని షెడ్డు. పేరు శాలోం మోటార్స్. ఒక ఎర్ర కారు ఆ షెడ్డు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగి, వేగం అందుకుంది. "ఊయ్‌య్..." అని ఈల వినిపించింది. కారు కీచుమని ఆగి, వెనక్కొచ్చింది. అద్దం దిగింది. అద్దం వెనక రెండు కళ్ళు. రెండూ హై బీమ్‌ మీదే ఉన్నాయి.

"ఏం బాబూ, ఎవర్ని చూసి ఈల?"

"నేను కాదండి!"

"ఇక్కడ ఇంకెవరున్నారు? నిన్న మా బడి దగ్గర కూడా వినపడింది."

"మీ బడి ఎక్కడుందో కూడా నాకు తెలీదు మేడం. ఈల వేసింది మీ కారు."

"నా కారు నన్ను చూసి ఈల వేస్తుందా?"

'వేస్తే దాని తప్పేముంది' అన్న మాట ప్రేమ్ కిరణ్ నాలిక చివరిదాకా వచ్చి, రెడ్ సిగ్నల్ చూసి ఆగిపోయింది.

"ఎక్సలేటర్ తొక్కినప్పుడే వస్తోంది కదా? బానెట్ తీయండి, చూపిస్తా."

తీసింది. చూపించాడు.

"ఇది టర్బో అండి. లోపల చిన్న ఫ్యాను. ఇంజన్ బయటికి వదిలే వేడిగాలితోనే తిరుగుతుంది. తిరిగి, బయటి గాలిని ఇంజన్లోకి కూరుతుంది. అందుకే వెయ్యి సీసీ, మూడే మూడు సిలిండర్లు ఉన్నా నూట ఇరవై గుర్రాల బలం. మీకేమో ఈ గొట్టం క్లిప్పు వదులైంది. కూరిన గాలి ఇక్కణ్ణుంచి జారిపోతోంది. అదే ఈల."

"అంటే నూట ఇరవైలో ఎన్ని గుర్రాలు పారిపోయాయి?"

"ఓ ముప్పై దాకా దారిలో ఎక్కడో మేస్తూ ఉంటాయండి."

నవ్వు వచ్చింది ఆమెకి. ఆపుకుంది. తిట్టిన నోటితో వెంటనే నవ్వితే ఏం మర్యాద?

ఆమె పేరు గ్లోరి. పెనుగొలను హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు. రిటైరైన లెక్కల మాష్టారు ఐజాక్ గారి అమ్మాయి. ప్రేమ్ కిరణ్‌ని టెన్త్ లెక్కల్లో ముప్పై ఐదు మార్కుల గట్టు ఎక్కించింది ఆ మాష్టారే.

క్లిప్పు బిగించాడు. గ్లోరి "సారీ అండి" అని చెప్పి స్టార్ట్ చేసింది. పొగరు తగ్గింది గానీ పొగ తగ్గలేదు. వెనక గొట్టంలోంచి నీలంగా, అగరొత్తుల కట్ట మొత్తం ఒకేసారి వెలిగించినట్టు వచ్చింది.

"మేడం, ఆగండాగండి! ఆయిల్ కాలుతోంది."

గ్లోరి ముఖం వాడిపోయింది. "తెలుసు. అందుకే నాన్న అమ్మేస్తున్నారు. మొన్న ఆదివారం చర్చి ముందు ఇలాగే వదిలితే పాస్టరు గారు దగ్గుతూనే ప్రసంగం ముగించారు. శనివారం పొద్దున్న ఖమ్మం నుంచి ఎవరో చూడ్డానికి వస్తున్నారు."

"మీకు అమ్మడం ఇష్టమేనా?"

"ఇష్టమా? ఇది లేకపోతే నాకు బడికి టైముకి బస్సు దొరకదు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని విజయవాడ వెళ్ళిపొమ్మంటున్నారు నాన్న."

విజయవాడ అన్న మాట వినగానే ప్రేమ్ కిరణ్ గుండెలో చెక్ ఇంజన్ లైటు వెలిగింది. పరిచయమై పావుగంటైనా కాలేదు. అయినా వెలిగింది.

"శుక్రవారం సాయంత్రానికి పొగ ఆపితే?"

"ఆపితే అమ్మనన్నారు. ఆయనే మాటిచ్చారు."

"అయితే బండి నాకొదిలేయండి."

బుధవారం ఆమె సెలవు పెట్టింది. అతను ఇంజన్ విప్పాడు. ఆయిల్ చూసి మాష్టారికి ఫోన్ చేశాడు.

"మాష్టారూ, ఇందులో ఏం ఆయిల్ పోశారు?"

"మా తమ్ముడి ట్రాక్టరుకి పోసేదేరా. డబ్బాలో మిగిలితే పోశా. ఆయిల్ ఆయిలే కదా!"

"దీనికి పల్చటిది పోయాలండి. ఆ ఫ్యాను నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుంది. చిక్కటిది అంత చప్పున అందదు."

"లక్షా? లెక్క సరిగ్గా చూశావా? నువ్వసలే ముప్పై ఐదు!"

ఆయిల్ మార్చడం ఎంతసేపు! ఆయన్ని మార్చడమే కష్టం.

టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగే గొట్టం సగం పైగా పూడుకుపోయి ఉంది. లోపల నల్లటి మడ్డి, అడుగంటిన పాయసంలా. దిగడానికి దారిలేక ఆయిల్ పక్కకి కారి కాలుతోంది, అందుకే పొగ. గీకి, కడిగి, సరైన ఆయిల్ పోసి బిగించాడు. పొగ ఆగింది. కానీ అతని అనుమానం ఆగలేదు. చిక్కటి ఆయిలైనా ఊరికే ఇంతలా మాడదు. ఎందుకు మాడిందో తెలియకపోతే రెండు నెలల్లో మళ్ళీ పొగ, మళ్ళీ ఖమ్మం.

అందుకని గురువారం పొద్దున్న పక్క సీట్లో కూర్చున్నాడు. బడి మలుపు దగ్గరే దిగిపోయి, మధ్యాహ్నం బస్సులో షెడ్డుకి వచ్చి, సాయంత్రం మళ్ళీ బస్సులో పెనుగొలను వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. టెస్టింగు అన్నాడు. ఎవరికి టెస్టో చెప్పలేదు.

పత్తి చేల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. గ్లోరి గట్టిగా తొక్కింది. కారు ఒక క్షణం ఆలోచించి, అప్పుడు ఎగిరింది.

"ఇదేంటండీ, తొక్కిన వెంటనే కదలదు?"

"టర్బో ల్యాగ్ అంటారండి. ఫ్యాను వేగం అందుకునేదాకా బండి లాగదు."

"లాగకపోతే ల్యాగా? భలే పేరు పెట్టారు. రిపేరు చేయలేరా?"

"అది జబ్బు కాదండి, దాని తత్వం. కాస్త ఓపిక పడితే తర్వాత ఆగదు."

"కొంతమంది మనుషులకి కూడా ఉంటుంది లెండి," అంది గ్లోరి రోడ్డు వంకే చూస్తూ.

ఆ మాట తననే అన్నదని అతనికి తిరువూరు పొలిమేరలో అర్థమైంది. చెవులదాకా ఎర్రబడ్డాడు. ఏదో అనబోయేసరికి ఇల్లొచ్చేసింది.

గేటు ముందు చక్రాలు పూర్తిగా ఆగకముందే గ్లోరి బటన్ నొక్కింది. ఇంజన్ ఠక్కున చచ్చింది.

"ఏవండీ! ఎప్పుడూ ఇలాగే ఆపుతారా?"

"మరి? నాన్న నేర్పిన మొదటి పాఠం. బయల్దేరే ముందు నిమిషం ప్రార్థన, చేరిన క్షణంలో ఆఫ్. దేవుడిచ్చిన పెట్రోలు వృథా చేయకూడదు."

"దొరికింది!" అని ప్రేమ్ కిరణ్ ఎగిరి తల పైకప్పుకి కొట్టుకున్నాడు.

వరండాలో పేపరు చదువుతున్న ఐజాక్ మాష్టారు కళ్ళజోడు పైనుంచి చూశారు. ప్రేమ్ కిరణ్ తల రుద్దుకుంటూ వెళ్ళి చెప్పాడు. "ఇంజన్ ఠక్కున ఆపితే ఆయిల్ ఆగిపోద్ది మాష్టారూ. టర్బో మాత్రం నిప్పులా కాలుతూనే ఉంటుంది. లోపల మిగిలిన ఆయిల్ మాడి అతుక్కుపోద్ది. ఆగాక ఒక్క నిమిషం ఊరికే నడవనిచ్చి, అప్పుడు ఆపాలి. ఐడ్లింగ్ అంటారు."

"ఇడ్లీయా?" అంటూ గ్లోరి వాళ్ళమ్మ జోజమ్మ గారు వంటింట్లోంచి వచ్చారు.

"అంతేనండి పిన్ని గారూ! ఇడ్లీ పాత్ర దించగానే తీస్తామా?"

"ఎక్కడొస్తుంది? కాస్త ఆరనివ్వాలి. లేకపోతే రేకుకి అంటుకుపోదూ?"

"ఇదీ అంతే!"

మాష్టారు లొంగలేదు. "కదలని బండిలో పెట్రోలు తగలెయ్యాలా? నలభై ఏళ్ళుగా నేను ఏ బండీ అలా ఉంచలేదు. స్కూటర్ అయినా సరే."

గ్లోరి దిగులుగా ప్రేమ్ కిరణ్ వైపు చూసింది. రెండు రోజుల కష్టం, ఒక నిమిషం దగ్గర ఆగిపోయింది.

ప్రేమ్ కిరణ్ గొంతు సవరించుకున్నాడు. "మాష్టారూ, బయల్దేరేటప్పుడు క్షేమంగా చేర్చమని ప్రార్థన చేస్తారు కదా. చేర్చాక థాంక్స్ చెప్పరా?"

మాష్టారు పేపరు కిందికి దించారు.

"చూశారా!" అన్నారు జోజమ్మ గారు. "అడిగేటప్పుడు నిమిషం. ఇచ్చాక గుమ్మంలోకి పరుగు. నాకు ఎప్పట్నించో ఇదే మనసులో ఉంది."

మాష్టారు పేపరు మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. "ప్రార్థన కోసమైతే సరే. పెట్రోలు కోసం కాదు. రేపు సాయంత్రం నేనే చూస్తా. పొగ కనపడిందా, శనివారం అమ్మేస్తా."

శుక్రవారం సాయంత్రం వాన దంచి కొట్టింది. పెనుగొలను నుంచి తిరువూరు దాకా వైపర్లు మాట్లాడినంత కూడా ప్రేమ్ కిరణ్ మాట్లాడలేదు. గేటు ముందు కారు ఆగింది. ఇంజన్ నడుస్తోంది. వెనక పొగ లేదు, ఒట్టి వాన.

"నిమిషం," అంది గ్లోరి. "నేను ప్రార్థన చేస్తా. కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాడు.

"ప్రభువా, క్షేమంగా చేర్చినందుకు స్తోత్రం. గుర్రాలన్నీ వెనక్కి తెచ్చినందుకు స్తోత్రం. రెండు రోజులుగా నా పక్కన కూర్చుని గొట్టాలూ క్లిప్పులూ తప్ప ఇంకో మాట ఎత్తని ఈ మనిషికి నోరు ప్రసాదించు. రేపటి నుంచి టెస్టింగ్ ఉండదు. ఆ సంగతి ఆయనకి గుర్తు చెయ్యి. ఆమెన్."

ఒక క్షణం ఏమీ కదల్లేదు. ల్యాగ్!

తర్వాత ప్రేమ్ కిరణ్ కళ్ళు తెరవకుండానే అందుకున్నాడు. "ప్రభువా, ఈల వేయడం రాని నాకు ఈల కేసు తెప్పించినందుకు స్తోత్రం. విజయవాడ అనగానే నాకు ఊపిరాడలేదని నీకు తెలుసు. ఈవిడకి కూడా తెలియాలి. ప్రతి సాయంత్రం ఈ నిమిషం నాకు కావాలి. ఈవిడ పక్కనే కావాలి. నెమ్మదిగా అంటుకునే ఇంజన్ని, అంటుకున్నాక ఆగను..."

వాక్యం పూర్తి కాలేదు. ఆగాల్సిన చోట ఆమె చెయ్యి వచ్చి అతని చేతి మీద ఆగింది.

అద్దం మీద ఠకఠక. గొడుగుతో ఐజాక్ మాష్టారు. "ఏంట్రా ఇది? నిమిషం అన్నావు. వాచీ చూస్తున్నా, ఏడు నిమిషాలైంది! పొగ లేదు సరే, ఆపరేం?"

"ప్రార్థన నాన్నా," అంది గ్లోరి. చెయ్యి మాత్రం తీయలేదు.

మాష్టారు ఆ చేతుల్ని చూశారు. లెక్కల మాష్టారు కదా, కూడిక వెంటనే అర్థమైంది. ప్రేమ్ కిరణ్‌ని కాసేపు, ఆన్సర్ పేపరు దిద్దుతున్నట్టు చూశారు.

"జోజమ్మా! ఇలా రా!" అని కేకేసి, గొడుగు ముడిచి వెనక సీట్లో కూర్చున్నారు. చీరకుచ్చిళ్ళు ఎత్తిపట్టి జోజమ్మ గారూ ఎక్కారు. గ్లోరి కంగారుగా బటన్ వైపు చెయ్యి చాపింది.

"ఆపకమ్మా," అన్నారు మాష్టారు. "నేనూ చేయాలి ప్రార్థన."

ఆయన కళ్ళు మూసుకున్నారో లేదో ఫోన్ మోగింది. ఖమ్మం ఆసామి.

"ఆఁ, చెప్పండి... రేపు రానక్కర్లేదండి. అమ్మట్లేదు... బాగైపోయింది... మళ్ళీ పాడైతేనా? ఆ బెంగ లేదండి. మెకానిక్ ఇంట్లోకే వస్తున్నాడు."