చుట్టుకొక్కసారి పోయే గొంతు

"నేను చెరపలే బిడ్డా. నా చేతి బువ్వ తింటలేడాయన. నాలుగొద్దులాయె."

బాన్సువాడ బస్టాండు ఎదురుగా, ఎరువుల దుకాణం పైగదిలో ఉంది డిటెక్టివ్ సహజ ఆఫీసు. అక్కడ కుర్చీ అంచున కూర్చుని ప్రేమల ఈ మాట చెప్పింది. యాభై దాటిన మనిషి. సహజ అసిస్టెంటు రంజిత్ మంచినీళ్లు తెచ్చి పెడితే ముట్టలేదు.

ఆమె భర్త దేవిదాస్‌ది మైకుసెట్ల దుకాణం. మొదటి భార్య హీరాబాయి చనిపోయి ముప్పై రెండేళ్లు. ఆమె పాడిన బతుకమ్మ పాటలు ఒక్క రీలు మీద మాత్రమే మిగిలాయి. ఏటా బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు దేవిదాస్ పాత స్పూలు టేప్‌రికార్డరు మీద ఆ రీలు పెట్టుకుని వింటాడు. ఈసారీ విన్నాడు. పాట నిండుగానే ఉంది. దసరా వెళ్లాక మళ్లీ పెడితే గొంతు తెగి తెగి వచ్చింది.

"కుళ్లుతోటి నేనే చెరిపిన్నట. హీరాబాయి కొడుకు యోగేష్, బీర్కూర్ల నా తల్లిగారింటికి పొమ్మంటుండు. దసరకు ముందొద్దు నా తమ్ముడు పోయిండు. దినాలు చేసొచ్చిన్నాడే ఈ లొల్లి. తమ్ముడు లేని ఇంటికి ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

సహజ లేచింది. "నడువు అక్కా. చూద్దాం."

దేవిదాస్ టేప్‌రికార్డరు ముందే కూర్చుని ఉన్నాడు. సహజ ముందుగా వేరే రీలు పెట్టమంది. ఆయన స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడిచాడు. టేపును లాగే రబ్బరు చక్రాన్ని గోటితో నొక్కి చూశాడు. టేపును హెడ్డుకు ఆనించి ఖాళీ రీలుకు చుట్టి మీట తిప్పాడు. అందులోని భజన గంటలా స్పష్టంగా మోగింది.

"మిషన్ల కసరు, లోపం ఏం లేదు బిడ్డా," అన్నాడు.

తర్వాత హీరాబాయి రీలు. దాని అంచున కుంకుమ బొట్టుంది. పాట మొదలైంది. నాలుగు మాటలు వినిపించి గొంతు నూతిలో పడ్డట్టు మునిగింది, మళ్లీ తేలింది, మళ్లీ మునిగింది. దేవిదాస్ కళ్లు మూసుకున్నాడు. సహజ మాత్రం రీలు సగమయ్యేదాకా తిరుగుతున్న కుంకుమ బొట్టునే చూసింది.

"ఇంక చూసేదేముంది మేడం?" అన్నాడు యోగేష్. "ముప్పై ఏండ్లసంది సూస్తుంది, చిన్నమ్మకు బటన్లు నొక్కుడు రాదా ఏంది?"

"దసర నాడు పనిముట్లకు పూజ ఎవరు చేసిండ్రు?"

"నేనే సదిరిన. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్లు, మైకు హారన్లు. పైన ఎర్రగుడ్డ కప్పిన."

"రీలు?"

"అమ్మ రీలు నేను ముట్ట. బాపు ఒక్కడే ముట్టుకుంటడు."

సహజ అటక మీది పాత హారన్‌ను దింపించింది. దానికీ కుంకుమ ఉంది. రంజిత్‌ను పిలిచి గుప్పెడు మేకులు తెమ్మంది. వంటింటి గడప దగ్గర నిలబడ్డ ప్రేమలను కూడా లోపలికి రమ్మంది.

"బటన్ నొక్కి చెరిపితే, నొక్కిన కాడికెల్లి ఇడిసిన దాక పాట అంతా ఒక్క తీరుగ పోవాలె. ఇక్కడ అట్ల లేదు. బొట్టు ఒక్క చుట్టు తిరిగితే గొంతు ఒక్కసారి పోతుంది. రీలు నిండుగ ఉండి మెల్లగ తిరిగినప్పుడు ఆగి ఆగి పోయింది. సగమై గిరగిర తిరిగినప్పుడు ఎంటెంట పోయింది. అంటే రీలు తిరగకుండ ఊకె ఉన్నప్పుడే దానికి ఒక పక్క అయస్కాంతం తగిలింది."

హారన్ వెనుక, అయస్కాంతం ఉండే భాగం మీద ఎర్రగుడ్డ కప్పి మేకులు చూపింది. అవి ఎగిరి గుడ్డకు అతుక్కున్నాయి.

"గుడ్డ కింద ఇది ఉండె. గుడ్డ మీద ఏం పెట్టినవు కాకా?"

దేవిదాస్ రీలు అంచున బొట్టును తడిమాడు. "అమ్మవారి ముందల అన్నీ పెడుతున్నం గద... ఆమె గొంతు గూడ పెడదామనుకున్న. అయస్కాంతం కాడికి రీలు తేవద్దని ఊరందరికీ చెప్పేటోణ్ణి. కింద హారన్ ఉన్నదని నాకు ఎరుక లేదు."

"నువ్వు రీలు పెడతవని నాకెరుకనా బాపు?" అన్నాడు యోగేష్.

"భక్తితో పెట్టిండు గదక్కా," రంజిత్ సహజను మెల్లగా అడిగాడు. "మరి దేవుడు గిట్లెందుకు చేసిండు?"

"నాకూ తెల్వదు రంజిత్. ప్రేమలక్క చెయ్యలేదని మాత్రం తెలుసు."

దేవిదాస్ తల వంచుకునే అన్నాడు:

"బువ్వ పెట్టు ప్రేమలా."

ప్రేమల లేవలేదు.

"నా తమ్ముడు సచ్చిపోయిండు," అంది. "ఎట్ల పోయిండని ఈ ఇంట్ల నన్ను ఒక్కరు అడగలే."

దేవిదాస్ గోడ పట్టుకుని లేచాడు. వంటింట్లోకి వెళ్లాడు. గిన్నెలు తడుముకున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి కంచంలో అన్నం, పప్పు వేసుకుని వచ్చి ప్రేమల ముందు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఎట్ల పోయిండు?" అని అడిగాడు.