కడిగి బోర్లించిన కప్పు

లినార్డ్‌ను ఎవరో వెనక నుంచి కాల్చారు. నడి జనవరిలో, మూట్‌నేరా కొండ విడిదిలో, అతను టీ తాగుతుండగా.

చలికాలంలో ఆ విడిదిలో నిర్వాహకులు ఉండరు. స్కీల మీద మంచులో ఎక్కివచ్చేవాళ్ళ కోసం ఒక గది మాత్రం తాళం వేయకుండా వదిలేస్తారు. వచ్చినవాళ్ళు పొయ్యి రాజేసుకుని, మంచు కరిగించుకుని, వెళ్ళేటప్పుడు అన్నీ కడిగి సర్ది పోవాలి. స్విస్ గూఢచారి శాఖ ఏజెంట్ ఫ్లూరిన్ తన సహచరుడి శవాన్ని దించడానికి వెళ్ళేసరికి ఆ గది అద్దంలా ఉంది. లినార్డ్ చొక్కా నిండా టీ మరకలు. కప్పు మాత్రం కడిగి బోర్లించి ఉంది. తర్వాత వచ్చేవాళ్ళ కోసం పుల్లలు కూడా చీల్చి పెట్టారు.

"విదేశీ ముఠా పనే," అన్నాడు బెర్న్ ఆఫీసులో చీఫ్ ఎగ్లీ. "ఆ లోయలోని డ్యామ్ మీద వాళ్ళ కన్నుంది. లినార్డ్‌కి ఆచూకీ దొరికినట్టుంది."

"ఆర్డర్ వాళ్ళదే సార్. కాల్చింది మాత్రం మన కొండ మనిషే. పరాయివాడైతే తక్షణం ఉడాయిస్తాడు. మనిషిని చంపి, అంట్లు తోమి వెళ్ళేది మనవాళ్ళు కాక ఇంకెవరు?"

చీఫ్ నవ్వలేదు. "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. హంతకుడు గదిని పందుల దొడ్డి చేసి పోయాడని చెప్పి చూడు. ఎవరికి రోషం వస్తుందో తేలిపోతుంది."

ఫ్లూరిన్ లోయలోని కొండ గైడ్లందరి మీదా ఆ మాట విసిరి చూశాడు. "పరాయి వెధవలు, అంతే మరి," అని అందరూ పెదవి విరిచారు. మిగిలింది సెరైనా ఒక్కతే. ఒకప్పుడు స్కీ పోటీల్లో దేశమంతా చప్పట్లు కొట్టిన అందగత్తె. వేసవిలో మూట్‌నేరా విడిది నడుపుతుంది. విదేశీ అతిథులను నవ్విస్తూ రహస్యాలు లాగి శాఖకు చేరవేస్తుంది. ఫ్లూరిన్ ఆమెను బడి రోజుల నుంచీ ప్రేమిస్తున్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళడానికి అతనికి ఆగస్టు దాకా కాళ్ళు రాలేదు.

అప్పుడు ముఠా సందేశం ఒకటి చిక్కింది. 'ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు ఎండుగడ్డి కోత.' వాళ్ళ సంకేత భాషలో ఎండుగడ్డి అంటే డ్యామ్ గేట్లు, కోత అంటే వాటిని తెరవడం. రిజర్వాయర్ నిండుకుండలా ఉంది. దిగువన సావోర్న్ ఊరు, అందులో ఫ్లూరిన్ చెల్లెలు, ఆమె పిల్లలు. డ్యామ్‌కు నేరుగా సిగ్నల్ పంపగల చోటు ఒక్క మూట్‌నేరా మాత్రమే.

ఆదివారం ఫ్లూరిన్ పెట్టుడు గడ్డంతో, పక్షుల్ని చూసే ప్రొఫెసర్ వేషంలో పైకెక్కాడు. వరండా నిండా పర్యాటకులు. వంటింట్లో సెరైనా సూప్ కలుపుతోంది.

"బూట్లు బయట విప్పవయ్యా ప్రొఫెసరూ! గడ్డం కూడా ఊడుతోంది, అదీ అక్కడే పెట్టెయ్."

అతనికి నవ్వొచ్చింది. గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు. "లినార్డ్ కేసు మూసేస్తున్నాం. హంతకుడెవడో గానీ ఒట్టి మురికి వెధవ. ఎంగిలి కప్పు, పొయ్యి నిండా బూడిద, ఒక్క పుల్ల కూడా చీల్చి పెట్టలేదు."

"అబద్ధం!" గరిటె ఆగింది. "ఏ దద్దమ్మ రాశాడా రిపోర్టు? కప్పు కడిగే పెట్టాను!"

సెరైనా ముఖం పాలిపోయింది. ఆమె చూపు ఒక్కసారి పైకప్పు మీదికి పోయివచ్చింది.

ఫ్లూరిన్ పుల్లలు చీల్చే గొడ్డలి అందుకుని నిచ్చెనెక్కాడు. పాత యాంటెన్నా పక్కన కొత్తది, డ్యామ్ వైపు తిరిగి. కింద పెట్టెలో ఎర్ర దీపం. సావోర్న్ చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలెట్టింది. గొడ్డలి మొదటి దెబ్బ జారింది. రెండో దెబ్బకు కేబుల్ తెగి దీపం ఆరింది. డ్యామ్ గేట్లు కదల్లేదు. అతను అక్కడే కూలబడి గంట మోగడం ఆగేదాకా ఊరివైపే చూశాడు.

దిగివచ్చేసరికి ఆమె ఇంకా సూప్ కలుపుతూనే ఉంది.

"పారిపోలేదేం?"

"ఇంతమంది ఆకలితో కూర్చున్నారు. పొయ్యి మీద పెట్టి ఎక్కడికి పోను?"

"ఎందుకిదంతా సెరైనా?"

"ఆ డ్యామ్ నీళ్ళ కింద ఉన్నది మా ఊరు. అది మునిగిన రోజు మీ సావోర్న్‌లో బ్యాండు మేళం పెట్టి డాన్సులాడారట. మా నాన్న చచ్చేదాకా అదే చెప్పి ఏడ్చాడు."

"మా చెల్లెలి పిల్లలేం చేశారు? లినార్డేం చేశాడు?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. రెండు చేతులూ ముందుకు చాపింది. అతను బేడీలు వేశాడు. జీవితమంతా పట్టుకోవాలనుకున్న చేతులు అవి.

హెలికాప్టర్ ఆమెను తీసుకుపోయింది. తీవ్రవాది కాబోలనీ, పన్ను ఎగ్గొట్టిందేమోననీ పర్యాటకులు కాసేపు గుసగుసలాడి, భోజనం ఏదని అరిచారు. ఏజెంట్ ఫ్లూరిన్ నడుముకు ఆప్రాన్ చుట్టుకుని వడ్డించాడు.

ఒక పెద్దాయన చెంచాడు రుచి చూసి మూతి ముడిచాడు. "అడుగంటింది. నిరుడు ఇంతకంటే బాగుండేది."

"నిరుడు అన్నీ బాగుండేవి సార్," అన్నాడు ఫ్లూరిన్. "రొట్టె కావాలా?"