నున్నటి బ్రాకెట్

"తొమ్మిదిన్నరకి హెలికాప్టర్ లేస్తుంది. నడిపేది మీ అక్క," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పదిహేడు చప్పున లేచి నిలబడ్డాడు. "ఆపెయ్యొచ్చు కదా సార్?"

"ఆపితే విదేశీ ముఠా జారుకుంటుంది. పైన తిరిగే రెక్కల్ని పట్టి ఉంచే రోటర్ బ్రాకెట్‌ని తీసేసి నాసిరకంది పెట్టాలని వాళ్ళ ప్లాన్. మెకానిక్ వేషంలో వెళ్ళి కాపలా కాయి. హెలికాప్టర్లు ఉంచే హ్యాంగర్‌లో తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ మన మనిషే. ఆవిడ 'వాన పడేట్టుందా?' అంటుంది. 'గొడుగు తేలేదు' అను."

పక్కనే ఉన్న ముసలి డిజైనర్ గొంతు సవరించుకున్నాడు. "ఆ బ్రాకెట్‌ని గీయలేదు బాబూ, పెంచాం. కొమ్మ చీలేచోట చెట్టు లావెక్కుతుంది చూడు, అలా బరువు పడ్డచోటల్లా కంప్యూటర్‌లో లోహం చేర్చాం. బరువు లేనిచోట తీసేశాం..."

భయంతో అందులో సగమే పదిహేడు బుర్రకెక్కింది.

హ్యాంగర్‌లో గ్రీజు వాసనను తోసుకుంటూ సెంటు వాసన వచ్చింది. వెనకే ఇన్‌స్పెక్టర్. సినిమా తారలా ఉంది.

"వాన పడేట్టుందా?"

"గొడుగు తేలేదు."

"మనకంటే ముందే మార్చేశారు! ఆ బొడిపెల ముక్క చూడు, దొంగ సరుకు. ఇదిగో అసలుది. త్వరగా!"

ఆమె చేతిలోది నున్నగా తళతళలాడుతోంది. పదిహేడు పాతది ఊడదీసి, ఆమె ఇచ్చినదాన్ని బిగించాడు. ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది.

హెలికాప్టర్‌ను బయటికి లాగారు. అక్క ఎక్కింది. రోటర్ తిరగడం మొదలైంది.

ఊడదీసిన ముక్కను సంచిలో వేయబోతూ పదిహేడు ఆగిపోయాడు. ముక్క రెండు పాయలుగా చీలేచోట అతని బొటనవేలు ఆనింది. అక్కడ లోహం ఒకవైపే, మెల్లగా, కండపట్టినట్టు లావెక్కింది. డిజైనర్ మాట గుర్తొచ్చింది: బరువు పడ్డచోటల్లా!

అసలుదాన్ని తన చేత్తోనే పీకేశాడు. పెన్ను రేడియోలో, "చీఫ్, ఇన్‌స్పెక్టరే దొంగ! గేటు మూయించండి!" అని అరుస్తూ, పడుతూ లేస్తూ పరుగెత్తి హెలికాప్టర్ ముందు చేతులు చాచి నిలబడ్డాడు. చక్రాలు అప్పుడే నేలను వదులుతున్నాయి.

అవి మళ్ళీ నేలకు ఆనాయి, ఇంజన్ ఆగింది. అక్క దూకి వచ్చింది. "చావాలనుందట్రా వెధవా?"

గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ దొరికింది. డిజైనర్ భూతద్దం పట్టి చూస్తే నున్నటి బ్రాకెట్ మూలలో అప్పటికే వెంట్రుకంత పగులు.

"ఇది బిగించిన మహానుభావుడు ఎవరు?" అంది అక్క.

"నేనే," అన్నాడు పదిహేడు.

అక్క తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈసారి నన్ను కాపాడాలనిపిస్తే ముందు ఫోన్ చెయ్యరా నాయనా, ఆ రోజు సెలవు పెట్టేస్తాను."