రెక్కలో కనిపించిన చెయ్యి

విమానాల షెడ్డులో ఆ చివరి మూల మంచిది కాదని పనివాళ్లందరూ అనేవారు. అక్కడ విమానానికి ఎక్స్‌రే తీస్తే రెక్కలో మనుషుల ఎముకలు కనపడతాయట. మా బావ నవ్వేవాడు. రెక్కల్లో పగుళ్లు వెతకడమే ఆయన ఉద్యోగం — దెయ్యాల్ని కాదు.

ఒక రాత్రి ఆ మూల పని ఆయన నెత్తినే పడింది. రెక్క వెనక బొమ్మ పట్టే పలక నిలబెట్టాడు. కిరణాలు ఎవరికీ తగలకూడదని చుట్టూ తాడు కట్టాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు అరిచాడు — అది వాళ్ల ఆనవాయితీ. జవాబు లేదు. గోడ వెనక్కి వెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కాడు.

తెర మీద వరసగా రేకుల్ని బిగించే రివెట్లు... వాటి మీద ఒక చెయ్యి.

ఎముకల చెయ్యి. మణికట్టు దగ్గర వెంట్రుకంత పగులు. వేలికి వంకరపోయిన ఉంగరం.

ఎవరికో కిరణాలు తగిలించేశాననుకున్నాడు బావ. కిరణాలు ఆపేసి రెక్క దగ్గరికి పరుగెత్తాడు. నరమానవుడు లేడు. పక్కగదిలో కునుకు తీస్తున్న పై అధికారిని లేపితే ఆయన ఆవలించాడు.

"ఆ పలకకి పాత బొమ్మల నీడ పట్టుకునే జబ్బుందయ్యా. ఎవడో చెయ్యి పెట్టి చూసుకుని ఉంటాడు. మళ్లీ తియ్యి."

మళ్లీ తీశాడు. చెయ్యి లేదు.

కానీ ఆ ఉంగరం బావకి తెలుసు. తలుపులో నలిగి, సబ్బు రాసినా ఊడిరాని ఉంగరం... మా అక్కది.

ఇంటికి ఫోన్ చేశాడు. "నీ చెయ్యి బాగానే ఉందా?"

"అర్ధరాత్రి లేపి అడిగే మాటేనా అది? పడుకోనివ్వండి."

ఆ తర్వాత అక్కని నీళ్ల బకెట్టు కూడా ఎత్తనివ్వలేదు. ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందని అక్క ఎగతాళి చేసింది. ఎంత కాపలా కాస్తే ఏం లాభం? వారం తిరక్కుండానే స్నానాలగదిలో జారిపడింది. ఆస్పత్రిలో తీసిన ఎక్స్‌రే నేనూ చూశాను. మణికట్టు దగ్గర వెంట్రుకంత పగులు... ఆ ఉంగరం.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని బావ ఇదంతా అప్పుడే చెప్పాడు. ఆయన మొహం చూడలేక, "పోన్లే బావా, చెయ్యేగా. అతుక్కుంటుంది" అన్నాను.

ఆయన నాకు దగ్గరగా జరిగాడు.

"రెండోసారి తీస్తే చెయ్యి లేదన్నాను..." గొంతు తగ్గించాడు. "ఏమీ లేదనలేదురా."

"మరి?"

"ఛాతీ. మెడలో గొలుసు... గొలుసుకి అంచు విరిగిన బిళ్ల."

నా చెయ్యి దానంతటదే చొక్కా లోపలున్న బిళ్ల మీదికి వెళ్లింది.

"పగులెక్కడుంది బావా?"

ఆయన నా చేతిని పట్టుకుని, బిళ్ల మీంచి ఎడమవైపుకి జరిపాడు.