సున్నా అంటే ఆగాలె

జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కదలబోతుండగా, మూడో సీటులోని జీవన్ కిటికీకి తల వాల్చాడు. టికెట్ అడుగుతూ కండక్టర్ భుజం తట్టాడు. జీవన్ పక్కకు ఒరిగిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన మచ్చ. చేతిలోని ఫోన్‌లో పంపకుండా మిగిలిపోయిన మెసేజ్: "పాత కోడ్ రాసింది హరిప్రసాద్, సిరిసిల్ల. అతన్ని అడగండి."

పావుగంటలో ఏజెంట్ లావణ్య చెవిలోని రిసీవర్ పలికింది.

"జీవన్ కోరుట్లలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజనీర్. మనకు సమాచారం ఇచ్చేవాడు," అన్నాడు చీఫ్. "ముస్తాబాద్ వైపు కాలువ గేట్లను నడిపే ప్రోగ్రామ్ ఆ కంపెనీదే. విదేశీ ముఠా సందేశం ఒకటి మన చేతికి చిక్కింది. ఈరోజు పన్నెండింటికి గేట్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయట. ఎలాగో తెలియదు."

"కరెంటు తీసేస్తే?"

"అదే వాళ్ల ట్రిగ్గర్ అయితే? కారణం తెలియకుండా దేన్నీ ముట్టుకోలేం. కాలువలో రెండు వందల మంది కూలీలు పూడిక తీస్తున్నారు. పన్నెండు కిలోమీటర్ల పొడవునా ఉన్నారు. పైకి రమ్మంటే ముఠాకు తెలిసిపోతుంది, అప్పుడే గేట్లు తెరిచేస్తారు. కోరుట్లలో మన మనిషి ఇషితను వెంటబెట్టుకుని, జీవన్ ఫోన్‌లో పేరున్న సిరిసిల్ల హరిప్రసాద్‌ను కలువు."

లావణ్య పుట్టింది బుగ్గారంలో. తల్లి భూమవ్వ ఇరవై ఏళ్లు అలాంటి పూడికనే తట్టలకెత్తింది. చీఫ్ చెప్పిన రెండు వందలు ఆమెకు అంకెలా వినిపించలేదు.

తొమ్మిదిన్నరకల్లా ఇన్సూరెన్స్ ఏజెంట్ వేషంలో కోరుట్ల కంపెనీ గేటు ముందు నిలబడింది. నల్లద్దాలు, ఖరీదైన సెంటు వాసనతో ఒక అందగత్తె బయటికి వచ్చింది.

"బీడీ ఆకు తడిసిందా?" అంది లావణ్య.

"నిన్ననే ఎండబెట్టాం," అంది ఇషిత. సంకేతం కలిసింది. కంపెనీలో డాక్యుమెంటేషన్ అంతా ఆమె చేతిలోనే ఉంది.

కారు సిరిసిల్ల దారి పట్టాక ఇషితే మాట కలిపింది. "వెతకడం దండగ. గేట్లను ఆపే మాడ్యూల్ మేం కొత్తగా రాయలేదు. మరమగ్గాల కోసం ఎవరో రాసి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టాడు. పదేళ్లుగా నడుస్తున్న కోడ్. అక్షరం మార్చకుండా వాడుకున్నాం."

"మరి జీవన్‌ను ఎందుకు చంపారు?"

ఇషిత కిటికీలోంచి బయటికి చూసింది. "అదే తెలుసుకుందామని నీతో వస్తున్నా."

పదకొండున్నర. సిరిసిల్లలో ఎనిమిది మగ్గాల షెడ్డు. మోతకు నేల అదురుతోంది. హరిప్రసాద్ నూలు అంటిన చేతులు తుడుచుకుని, లావణ్య ట్యాబ్‌లోని కంపెనీ కోడ్ చూశాడు.

"కోడ్ నాదే అక్కా. తప్పేం లేదు," అని అరిచాడు. తర్వాత దాన్ని ఎలా వాడాలో కంపెనీ రాసుకున్న మాన్యువల్ తెరిచాడు. అతని వేలు ఒక లైను మీద ఆగిపోయింది. "గిది నేను రాసింది గాదు! దారం తెగి సిగ్నల్ పోతే మగ్గం ఆగాలె. గందుకే సున్నా పెట్టుండ్రి అని రాసిన. సున్నా అంటే ఆగుడు. గీళ్లు ఒకటి పెట్టుమని రాసిండ్రు!"

"ఒకటి పెడితే ఏమైతది అన్నా?"

"మగ్గమైతే ఫుల్ స్పీడ్ల ఉరుకుతది. గేటైతే పూరా తెరుసుకుంటది."

కోడ్ శుభ్రంగా ఉంది. విషం మాన్యువల్‌లో ఉంది. ఇంజనీర్లు దాన్ని నమ్మి ఒకటి పెట్టేశారు. పన్నెండింటికి ముఠా సిగ్నల్ కోస్తే చాలు. కరెంటు తీసినా జరిగేది అదే.

"గేట్ల దగ్గర గిది ఎట్ల మార్చాలె?"

"నా పాత మాన్యువల్‌ల ఉన్నది." అట్టపెట్టెలోంచి కాగితాల కట్ట తీశాడు.

"అది ఇటివ్వు," అంది ఇషిత. ఆమె చేతిలోని లిప్‌స్టిక్‌కు సన్నని గొట్టం మొలిచింది. "ఈ మోతలో తూటా చప్పుడు ఎవరికీ వినపడదు."

మాన్యువల్ మార్చిందెవరో లావణ్యకు అర్థమైంది. "రెండు దిక్కుల జీతం తీసుకుంటున్నవన్నమాట!"

"ఆ రెండోవాళ్లు ఆలస్యం చేయకుండా ఇస్తారు."

గోడ దగ్గర నూలు కండెలు చుడుతున్న హరిప్రసాద్ తల్లి వజ్రమ్మకు ఆ మాటలు వినపడలేదు. కానీ కొడుకు పైకెత్తిన చేతులు కనిపించాయి. లేచి మెయిన్ స్విచ్ కిందికి లాగింది.

ఎనిమిది మగ్గాలూ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దానికి ఇషిత ఉలిక్కిపడి తల తిప్పింది. లావణ్యకు ఆ రెప్పపాటు చాలు. మణికట్టు పట్టి మెలితిప్పింది. లిప్‌స్టిక్ కండెల బుట్టలో పడింది.

"ఎవలే గీ పిల్ల? నా కొడుకు మీదికే అచ్చింది!" అంటూ వజ్రమ్మ ఇషిత చేతులను నూలు దారంతో కట్టేసింది.

పదకొండు యాభై ఏడు. లావణ్య కాలువ గేట్ల కంట్రోల్ రూంకు ఫోన్ చేసింది. ఆపరేటర్ సామేలు ఎత్తాడు. హరిప్రసాద్ కాగితం చూస్తూ ఒక్కో మెట్టూ చెప్పాడు. సెట్టింగ్స్. సిగ్నల్ లాస్. విలువ ఒకటి.

"గా ఒకటి తీసి సున్నా కొట్టు తమ్మీ. ఎంటర్ నొక్కు."

"స్క్రీన్ తిరుగుతాంది అన్నా... ఆగుండ్రి..."

ఫోన్ మూగబోయింది. పన్నెండు. ముఠా అక్కడ ఫోన్‌తో సహా సిగ్నల్ అంతా కోసేసింది.

సామేలు ఎంటర్ నొక్కాడో లేదో ఎవరికీ తెలియదు. మోకాళ్ల దాకా బురదలో నిలబడి తట్ట ఎత్తుతున్న తల్లి లావణ్య కళ్ల ముందు మెదిలింది. హరిప్రసాద్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక నిమిషం. ఐదు నిమిషాలు. పన్నెండు గంటల పదకొండు నిమిషాలకు ఫోన్ మోగింది.

"మేడం, నేను సామేలు. బండి మీద రోడ్డు దాక అచ్చి చేస్తున్న. గేట్లు కదలలె. కూలోళ్లు సద్దులు విప్పుకుంటున్నరు."

హరిప్రసాద్‌కు సంగతి చెప్పి, లావణ్య కండెల బుట్ట పక్కన కూర్చుంది. వజ్రమ్మ మంచినీళ్ల చెంబు అందించింది.

సాయంత్రం చీఫ్ రిపోర్టు అడిగాడు. లావణ్య పోయిన మిషన్ రిపోర్టునే తెరిచి పేర్లు మార్చడం మొదలుపెట్టింది. కాకపోతే ఈసారి ప్రతి లైనూ చదివి మరీ.