యాప్ డాక్టరు చూసిన గొంతు

శవం పలకల ఫ్యాక్టరీ కోత షెడ్డులో ఉంది.

ఉదయం ఆరూ నలభై. కోసిన పలకల దొంతర పక్కన పిచ్చయ్య ఒరిగి పడి ఉన్నాడు. కుడిచెయ్యి ఛాతీ మీద బిగుసుకుపోయింది. ఒంటినిండా రాతిదుమ్ము.

మార్కాపురం రూరల్ ఎస్సై స్టెల్లా మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. గాయాల్లేవు. పెనుగులాట జాడ లేదు. రైటరు పంచనామాలో ఆనవాళ్ళు రాసుకుపోతున్నాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. మోచేతి మీద పాత కోత గుర్తు. పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఎత్తు ఐదున్నర అడుగులు.

శవాన్ని ముందుగా చూసింది వాచ్‌మన్ ఆదెయ్య. రాత్రంతా మెషిన్ చప్పుడు వినబడిందని, తెల్లవారుజామున ఆగిపోయిందని చెప్పాడు. లోడు పూర్తయిందనుకున్నాడట.

మరునాటికి పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. గుండెపోటు.

సీఐ ఫోన్ చేసి, గుండెపోటుకు దర్యాప్తేమిటి, ఫైలు మూసెయ్యమన్నాడు. స్టెల్లా కూడా మూసేసేదే. కానీ అన్నమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుని లేవడం లేదు.

అన్నమ్మ పిచ్చయ్య భార్య. పుల్లలచెరువు అవతల, అడివంచు పల్లె. మొన్న ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ మొగుడు దారిలోనే కూర్చుండిపోయాడట. గుండెల్లో పట్టేసినట్టుందన్నాడు. ఫ్యాక్టరీలో అడిగి ఆసుపత్రికి పోతానని చెప్పి వెళ్ళాడు. అదే చివరిచూపు.

"ఫ్యాక్టరీవాళ్ళేమో మా ఆయనే నొప్పి దాచిపెట్టినాడంటుండారు," అంది అన్నమ్మ. "డాక్టరు అడిగితే గుండెల్లో నొప్పి లేదన్నాడంట. ఆయన అట్ల అనడు. అట్ల మాత్రం రాయబాకమ్మా. చచ్చినోడి మీద అబద్ధం మోపొద్దు."

ఆ మాట స్టెల్లాకు గుచ్చుకుంది.

పుల్లారావు ఫ్యాక్టరీలో పనివాళ్ళందరికీ కంపెనీ హెల్త్ ప్లాన్ ఉంది. వినడానికి గొప్పగానే ఉంటుంది. జబ్బు చేస్తే ముందు యాప్ తెరిచి వీడియోలో డాక్టరుతో మాట్లాడాలి. ఆయన రాస్తేనే లీవు. ఆయన రాస్తేనే ఆసుపత్రిలో ప్లాన్ చెల్లుతుంది. పనివాళ్ళ పల్లెల్లో సిగ్నల్ ఉండదు కనుక, అందరికీ కలిపి ఆఫీసులో ఒకే ఒక్క ఫోన్ పెట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

యజమాని పుల్లారావు కొడుకు వినయ్ ఆ వ్యవహారాలన్నీ చూస్తాడు. రికార్డు తీసి స్టెల్లా ముందు పెట్టాడు.

పిచ్చయ్య. చనిపోవడానికి ముందురోజు సాయంత్రం 4.12. గొంతు నొప్పి. ఛాతీ నొప్పి లేదు. ఆయాసం లేదు. పని చేయవచ్చు. కింద, నోరు బార్లా తెరిచి తీసిన గొంతు ఫొటో.

"మేం ఇంతకంటే ఏం చేయగలం మేడం? హైదరాబాదులో ఆఫీసర్లకు ఉన్న ప్లానే కూలీలకూ ఇచ్చాం. ఆయనే నిజం చెప్పలేదు."

"ఆ టైములో ఆఫీసులో ఎవరున్నారు?"

"నేను నా గదిలో ఉన్నా. టైంకీపర్ నరేష్ ఫోన్ ఇచ్చాడు."

నరేష్‌ది బాపట్ల వైపు. ఇక్కడికి వచ్చి రెండేళ్ళయింది. పిచ్చయ్య చేతికి ఫోన్ ఇచ్చి తను యార్డులోకి వెళ్ళిపోయానన్నాడు. గేటు దగ్గరున్న ఆదెయ్య కూడా, పిచ్చయ్య ఆఫీసులోకి పోవడం, రావడం చూశానన్నాడు.

ముగ్గురి మాటా ఒకదానికొకటి అతికినట్టు సరిపోయింది. సరిపోనిది అన్నమ్మ మాటొక్కటే.

మాట్లాడిన డాక్టర్ని పట్టుకోవడానికి స్టెల్లాకు తాతలు దిగొచ్చారు. హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే పాట. పాట అయ్యాక ఎంప్లాయీ నంబరు నొక్కమంటారు. నొక్కితే మళ్ళీ పాట. పోలీసునని చెబితే, మీ కంపెనీ ప్లానులో ఉందా మేడం అని అడిగిందో అమ్మాయి. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది స్టెల్లాకు. జీతగాడు చచ్చిపోయాడురా నాయనా అని అరిచినా వినే మనిషి లేడు.

మూడోనాడు డాక్టరే లైనులోకి వచ్చాడు. పాపం, భయపడి ఉన్నాడు. సిగ్నల్ అందక వీడియో రెండుసార్లు తెగిపోయిందట. మాటతోనే కానిచ్చాడు. మగగొంతు. పేరూ నంబరూ సరిగ్గానే చెప్పింది.

"గుండెలో నొప్పి ఉందా అని అడిగారా?"

"అడిగాను మేడం. లేదన్నాడు. గొంతు ఫొటో పంపాడు. మామూలుగానే ఉంది. ఉందని చెప్పి ఉంటే అప్పుడే అంబులెన్సు పిలవమనేవాణ్ణి."

అంటే ముఖం ఎవరూ చూడలేదు. చూసింది ఒక్క గొంతునే. ఆ గొంతు పిచ్చయ్యది కాదని రుజువు చేసేదెట్లా?

సాయంత్రం సీఐ మళ్ళీ ఫోన్ చేశాడు. రేపటికి ఫైలు తన బల్ల మీద ఉండాలన్నాడు. మెట్ల మీద అన్నమ్మ అట్లాగే ఉంది. స్టెల్లా తన టాబ్‌లో గొంతు ఫొటోను పెద్దది చేసి చూసింది. ఎరుపు లేదు, వాపు లేదు. ఎన్నిసార్లు చూసినా అదే గొంతు. చిరాకుతో టాబ్‌ను బల్ల మీద పడేసింది.

"మేడం, ఆ హెల్ప్‌లైను పాట నాకు నోటికొచ్చేసింది," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పవన్ కుమార్, టీ గ్లాసు అందిస్తూ. "వచ్చే ఆదివారం చర్చిలో పాడేస్తా."

అంత చిరాకులోనూ స్టెల్లాకు నవ్వొచ్చింది. అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

స్టెల్లాది త్రిపురాంతకం పక్క పల్లె. బోరునీళ్ళు తాగి పెరిగిన మనిషి. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ పాలపళ్ళు ఊడి పళ్ళొచ్చే వయసులోనే చారలు దిద్దేస్తుంది. తోమితే పోవు. ట్రైనింగులో తోటి అమ్మాయిలు గారపళ్ళని నవ్వారు. అప్పటినుంచి నవ్వు వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఎదుటివాళ్ళ పళ్ళ వైపు చూడకపోవడం అలవాటైపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు రోజులుగా ఆ ఫొటోలో గొంతునే చూస్తోంది. గొంతు చుట్టూ ఉన్నవి చూడలేదు.

ఫొటో మళ్ళీ తీసింది.

పళ్ళు బలపంలా తెల్లగా ఉన్నాయి. ఒక్క చార లేదు.

"పవన్, పంచనామా తియ్యి. పుల్లారావు గారిని, ఆ ముగ్గురినీ ఆఫీసులోనే ఉండమను. అన్నమ్మనూ జీపెక్కించు."

ఫ్యాక్టరీ ఆఫీసులో పుల్లారావు బల్ల వెనక కూర్చున్నాడు. మిగిలిన ముగ్గురూ గోడ వారగా నిలబడ్డారు. గుమ్మం దగ్గర అన్నమ్మ.

"ఆదెయ్య మామా, ఒకసారి నోరు తెరువు," అంది స్టెల్లా.

ఆదెయ్య బిత్తరపోయి తెరిచాడు. ముందు పళ్ళు రెండు లేవు. ఉన్నవాటికి గోధుమ చారలు.

"మీరు కూడా తెరవండి వినయ్ గారూ."

వినయ్ పళ్ళకు తీగ క్లిప్పు ఉంది. పెట్టించుకుని ఏడాదైందన్నాడు. ఫొటోలో క్లిప్పు లేదు.

నరేష్ నోరు తెరవలేదు.

"తెరువు తమ్ముడూ. డాక్టరుకు తెరిచావుగా."

తెరిచాడు. తెల్లటి పళ్ళు. కింది వరసలో ముందరి పళ్ళు రెండు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. స్టెల్లా టాబ్‌ను పుల్లారావు వైపు తిప్పింది. ఫొటోలోనూ అవే రెండు పళ్ళు.

ఆ తర్వాత ఆఫీసు ఫోన్‌లో దాచిన ఫొటోలు ఒక్కొక్కటే జరిపింది. రాళ్ళు మోసే ఆడవాళ్ళ పేరు మీద, లారీ డ్రైవర్ల పేరు మీద, ఎవరి పేరు మీద చూసినా అదే నోరు. ఫ్యాక్టరీ మొత్తానికి ఒకే గొంతు.

"ఆడవాళ్ళ తరఫున డాక్టరుతో ఎవరు మాట్లాడారు?"

"ఊడ్చే ఆమెతో చెప్పించా మేడం." నరేష్ గోడకు జారగిలబడ్డాడు. "వాడకం తక్కువుంటే ప్లాన్ ఆపేస్తారని వినయ్ సార్ ప్రతి నెలా లెక్క చూపించమనేవారు. వీళ్ళకేమో యాప్ రాదు. గొంతు నొప్పంటే ఫొటో పంపితే అయిపోద్ది. అందుకే అందరికీ గొంతు నొప్పే పెట్టా."

"పిచ్చయ్య నిజంగానే వచ్చాడు కదా. ఏమని అడిగాడు?"

నరేష్ అన్నమ్మ వైపు చూడలేక తల దించుకున్నాడు.

"గుండెల్లో పట్టేసిందన్నాడు. డాక్టరుకు ఫోన్ కలపమన్నాడు. నేను మాట్లాడతాలే, నువ్వు పోయి పని చూసుకో అన్నా."

"మరి డాక్టరుకు గొంతు నొప్పని ఎందుకు చెప్పావు?"

"ఛాతీ అంటే ఆసుపత్రికి పంపమంటారు మేడం. తెల్లారేసరికి చెన్నై లారీ కదలాలి. కోత మెషిన్ మీద ఇంకెవరూ లేరు. మనిషిని వదలొద్దని వినయ్ సార్ అన్నారు. తర్వాత పిచ్చయ్యకు చెప్పా, డాక్టరు ఏం లేదన్నాడని. సరే నాయనా అని వెళ్ళిపోయాడు."

వినయ్ ఏదో అనబోయాడు. కూర్చోమన్నాడు తండ్రి.

స్టెల్లాకు కోపం ఆగలేదు. మందు అందక ప్రాణం పోతే సరే, దూరాభారమై పోతే సరే. డాక్టరు ఉన్నాడు. అడిగాడు కూడా. జవాబు చెప్పాల్సినవాణ్ణి మాత్రం మెషిన్ దగ్గరికి తోలేశారు.

నరేష్‌నూ వినయ్‌నూ జీపెక్కించారు. మరొకరి పేరుతో మోసం, నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం అని కేసు రాశారు. సీఐ ఈసారి ఫైలు మూయమనలేదు.

స్టేషనుకు వచ్చాక స్టెల్లా హెల్ప్‌లైనుకు మరోసారి ఫోన్ చేసింది. రికార్డులో తప్పుంది, దిద్దమంది. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. రికార్డు మార్చాలంటే పేషెంటే అడగాలట.

"ఒకసారి పిచ్చయ్యగారికి ఫోన్ ఇస్తారా మేడం?"

స్టెల్లా ఫోన్ పెట్టేసింది. వాళ్ళ రికార్డు వాళ్ళ దగ్గరే ఏడవనీ అనుకుంది. తన రిపోర్టు తన చేతిలో ఉంది.

అన్నమ్మను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమెకు చదువు రాదు.

"ఏమని రాసినావమ్మా?"

స్టెల్లా చదివింది. "గుండెల్లో నొప్పిగా ఉందని పిచ్చయ్య చెప్పాడు. డాక్టరుతో మాట్లాడించమని అడిగాడు."

అన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది.

"దాచలేదు గదా?"

"దాచలేదు పెద్దమ్మా."

"ఆ ముక్క ఇంకొకసారి చదువు బిడ్డా. గట్టిగా."

స్టెల్లా గట్టిగా చదివింది. బయట బెంచీ మీద కూర్చున్న నరేష్‌కు కూడా వినబడేట్టు, నోటికి చెయ్యి అడ్డం లేకుండా చదివింది.